గ్లాస్గో చలికాలం: ల్యాంపు ఇక్కడే కొనాలా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)
మావాడు సెప్టెంబరులో బ్రిటన్‌లోని గ్లాస్గో వెళ్తున్నాడు. చలికాలం సూర్యుడే కనపడడంటున్నారు. వెలుగు లేక దిగులు పట్టకుండా ముందు పెట్టుకునే లైట్ థెరపీ ల్యాంపు ఇక్కడే కొనివ్వాలా? డి విటమిన్ ఎన్ని పెట్టాలి?

జవాబు 1
డిసెంబరు 21న మనకు పగలు 11 గంటలు, అక్కడ 7 గంటలే. ఎనిమిదీముప్పావుకి తెల్లారి, మూడూముప్పావుకి పొద్దుగూకుతుంది. ల్యాంపు అక్కడే కొనమనండి, ప్లగ్గు వేరు. డబ్బా మీద 10,000 లక్స్ (వెలుగు కొలత) అని ఉంటే చాలదు, ఎంత దూరంలోనో చూడాలి. చిన్న ల్యాంపుని 30 సెంటీమీటర్ల నుంచి 60కి జరిపితే వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. బల్ల చివర పెట్టుకుని పనిచేయట్లేదనేది అందుకే. లేచిన గంటలోపు 20-30 నిమిషాలు, ముఖానికి కాస్త పక్కగా పెట్టుకోవాలి. సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది. బైపోలార్ (మూడ్ బాగా మారిపోయే మానసిక జబ్బు), రెటీనా (కంటి వెనక పొర) జబ్బులుంటే ముందు డాక్టరుని అడగాలి.

జవాబు 2
ల్యాంపు డి విటమిన్ ఇవ్వదండీ, అతినీల కిరణాలు వడకట్టేస్తారు. మన మందుల షాపుల్లో దొరికే 60,000 యూనిట్ల డి విటమిన్ మాత్రలు లోపం ఉన్నవాళ్లకి, వారానికొకటి చొప్పున రాసేవి. రోజూ మింగితే కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. బ్రిటన్‌లో చెప్పేది రోజుకి 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు. మన రంగువాళ్లు ఏడాది పొడుగునా వేసుకోవచ్చు.

జవాబు 3
మబ్బున్నా మిట్టమధ్యాహ్నం బయటి వెలుగు గదిలో ట్యూబులైటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. భోంచేశాక అరగంట నడవమనండి.

ప్రశ్న అడిగినవారు
60,000వి నాలుగు స్ట్రిప్పులు కొనేశానండీ! షాపతను వెనక్కి తీసుకుంటాడో లేదో.