ఇరవై మంది ఫ్యాకల్టీలో నా టాపిక్ ఒక్కరికీ లేదా?

నిద్రలేని పక్షి:
గైడ్‌ను వెతుక్కుందామని మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి తొమ్మిది. సోషియాలజీ డిపార్ట్‌మెంట్ వాళ్ల లిస్టులో ఒక్కో పేరు నొక్కడం, రీసెర్చ్ ఇంట్రెస్ట్స్ చదవడం, వెనక్కి రావడం, ఇదే పని. ఇరవై మందికి పైనే ఉన్నారు. ఒక్కరికీ నా టాపిక్ లేదు. ఒకాయనకు ఉన్నట్టే ఉంది కానీ మూడుసార్లు మెయిల్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. మిగతా అందరిదీ ఒకటే పాట: స్తరీకరణ (అదే, సమాజంలో ఎక్కువ తక్కువ అంతస్తులు), జెండర్, అభివృద్ధి, ఆధునికత. ఇలా రాస్తే ఎవరేం చేస్తున్నారో మాకెలా తెలియాలి? ఎవరైనా దారి చెప్పండి, అర్జెంట్.

అరఠావు:
టాపిక్ ఏంటి?

పాత బీరువా:
ముందు ఒక మాట. సోషియాలజీ ఏంటండీ, చక్కగా సమాజశాస్త్రం అని ఉండగా. అసలు ఆ ఇంగ్లీషు మాటే అతుకుల బొంత. కామ్టే అనే ఫ్రెంచ్ తత్వవేత్త ఈ శాస్త్రాన్ని మొదట సామాజిక భౌతికశాస్త్రం అనేవాడు. క్వెట్‌లే అనే బెల్జియం గణాంకవేత్త అదే పేరు వాడుకునేసరికి ఒళ్లు మండి, 1830ల చివర్లో లాటిన్ 'సోసియస్'కీ గ్రీకు 'లోగోస్'కీ ముడేసి ఈ మాట పుట్టించాడు. మనకు అలాంటి తిప్పలేమీ లేవు కదా.

గోడ గడియారం:
మా పుస్తకంలో సాంఘిక శాస్త్రం అని ఉండేది మరి?

పాత బీరువా:
అది బళ్లో చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం కలిపి చెప్పేది. సామాజిక శాస్త్రాలు అంటే అర్థశాస్త్రం, రాజనీతి అన్నీ వస్తాయి. సమాజశాస్త్రం ఒక్కటే సోషియాలజీ. ఈ మూడూ కలిపేస్తే ఎలాగండీ.

అరఠావు:
టాపిక్?

నిద్రలేని పక్షి:
వలస అండీ. చెప్పాననుకున్నా.

మేడ మీద గది:
చెప్పలేదు తమ్ముడూ :) పీహెచ్‌డీకా, ఎంఏ డిసర్టేషన్‌కా అన్నదీ చెప్పలేదు. సరే, పీహెచ్‌డీ అనుకుని రాస్తున్నా. ఆ పేజీలో ఇంట్రెస్ట్స్ అని ఉండేది చాలామంది చేరిన రోజు రాసిచ్చిన నాలుగు మాటలే, తర్వాత వాటిని ముట్టుకోరు. దాన్ని నమ్ముకుని ఏడు గంటలు కూర్చోవడం దండగ. ఒక్కొక్కరివి గత ఐదేళ్లలో వచ్చిన పేపర్లు చూడు. అంతకంటే ముఖ్యం, వాళ్ల దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేసిన పిల్లల థీసిస్ టైటిళ్లు చూడు. తనకేం ఇష్టమో ప్రొఫెసర్ పేజీలో రాసుకుంటాడు, ఏ పనికి ఒప్పుకుంటాడో మాత్రం ఆ టైటిళ్లలో తెలుస్తుంది. ఇంతకీ వలసలో ఏంటి? ఎవరు, ఎందుకు వెళ్తున్నారనా, వెళ్లాక ఏమవుతున్నారనా?

నిద్రలేని పక్షి:
పీహెచ్‌డీయే. కొత్త ఊరికి వలస వెళ్లినవాళ్లకు మొదటి పని ఎవరి ద్వారా దొరుకుతుంది, చుట్టాల ద్వారానా, ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానా అని. వలస అని రాసుకున్న ఫ్యాకల్టీ ఆయనొక్కడే, ఆయనేమో పలకడు.

మేడ మీద గది:
అదీ సంగతి! నువ్వు వలస అనే మాట పట్టుకుని వెతుకుతున్నావు, నీ ప్రశ్న ఉన్నదేమో వేరే అరలో. ఆర్థిక సమాజశాస్త్రం, సామాజిక నెట్‌వర్కులు (అంటే మనుషుల మధ్య పరిచయాల అల్లిక), శ్రమ, ఈ మాటలు ఎవరు రాసుకున్నారో చూడు. ఉద్యోగాలు పరిచయాల ద్వారా ఎలా దొరుకుతాయో గ్రానొవెటర్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త 1973లోనే రాశాడు. అలా ఉద్యోగం దొరికినవాళ్లలో తరచూ కలిసే మనిషి సాయం చేసింది 16.7 శాతం మందికే, మిగతా వాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు తారసపడేవాళ్లే దారి చూపారు. దగ్గరివాళ్లకు మనకు తెలిసిందే తెలుస్తుంది, దూరపువాళ్లకు వేరే కబురు తెలుస్తుంది అని ఆయన వాదన. నీ ప్రశ్న దానికి పక్కింటిదే.

లెక్కల పిచ్చి:
ఆ శాతం 54 మందిది. వాళ్లు కూడా ఆఫీసు, టెక్నికల్ ఉద్యోగాలవాళ్లు. దాన్ని తెచ్చి కూలి పనికి అతికిస్తే కుదరదు. ఈ డిపార్ట్‌మెంట్లలో అందరూ ఇంటర్వ్యూలు ఇంటర్వ్యూలు అంటారు గానీ లెక్క నేర్చుకోరు. ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త డర్కెమ్ 1897లో ఆత్మహత్యల మీద రాసినప్పుడే గణాంకాలతో కుస్తీ పట్టాడు.

మేడ మీద గది:
వలస మీద మొదటి పెద్ద పనుల్లో ఒకటి ఉత్తరాలతో నడిచింది సార్. పోలండ్ నుంచి అమెరికా వెళ్లిన రైతుల మీద థామస్, జ్నానియెకీ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు 1918, 1920 మధ్య ఐదు సంపుటాలు వేశారు, అందులో కట్టలకొద్దీ ఇంటి ఉత్తరాలే. ఉత్తరాలు చదివితే శాస్త్రం కాకుండా పోతుందా?

లెక్కల పిచ్చి:
కాదని నేననలేదు. లెక్క కూడా రావాలన్నా.

అరఠావు:
పలకని ఆయన పేరు పక్కన ఎమెరిటస్ అని ఉందా?

నిద్రలేని పక్షి:
ఉంది. అది బిరుదు అనుకున్నా.

అరఠావు:
రిటైరయ్యాడు. చాలాచోట్ల వాళ్లు కొత్త స్టూడెంట్లను తీసుకోరు.

మేడ మీద గది:
అయ్యో, అది మొదటి పోస్టులోనే రాసి ఉంటే అప్పుడే తేలిపోయేది. పోనీలే. ఆయన ఇటీవల ఎవరితో కలిసి పేపర్లు రాశాడో చూడు, వాళ్లలో ఎవరో ఒకరు ఇంకా సర్వీసులో ఉంటారు. మెయిల్‌లో 'నాకు వలసల మీద ఆసక్తి' అని మొదలుపెట్టకు, అలాంటివి వాళ్లకు రోజూ వస్తాయి. ఇక్కడ మాకు చెప్పావే ఒక్క వాక్యంలో, ఆ ప్రశ్నే పెట్టు. వాళ్ల పేపర్ ఒకటి నిజంగా చదివి ఎక్కడ ఒప్పుకోలేకపోయావో రెండు లైన్లు రాయి. మూడు పేజీల ప్రపోజల్ మొదటి మెయిల్‌కే తగిలించొద్దు.

పాత బీరువా:
ఎమెరిటస్‌కి విశ్రాంత ఆచార్యులు అని రాస్తున్నారు కొందరు, అదీ తప్పే. రిటైరైన ప్రతివాళ్లూ ఎమెరిటస్ అయిపోరు.

గోడ గడియారం:
మరి ఏమనాలి సార్?

పాత బీరువా:
గౌరవ ఆచార్యులు అనొచ్చు. కానీ అది ఆనరరీకి కూడా వాడుతున్నారు, అదో గొడవ.

నిద్రలేని పక్షి:
నెట్‌వర్కులు అని ఒక మేడమ్ రాసుకున్నారు, నేనే చూడకుండా దాటేశాను. ఆవిడ దగ్గర చేసినవాళ్ల థీసిస్‌లలో ఒకటి అచ్చం నాలాంటిదే ఉంది. రేపు మెయిల్ పెడతా. థాంక్స్ అందరికీ. నా డిగ్రీ కామర్స్, ఎంఏ సోషియాలజీ లేదు, అదేమైనా అడ్డమా?

లెక్కల పిచ్చి:
అది ఇప్పుడా చెప్పేది!!

గోడ గడియారం:
ఎమెరిటా అని కూడా ఒకటి చూశాను, అది ఆడవాళ్లకా?