అప్‌డేట్: ఆడిట్ ఉద్యోగమూ ఉంది, గిటారూ ఉంది

ఆడిట్ సంస్థలో పనిచేస్తూనే డెబ్బైల నాటి రాక్ వాయించే బృందంలో కొనసాగడం కుదురుతుందా అని అడిగాను కదా. ఏదో ఒకటి తేల్చుకోమని చాలామంది అన్నారు. తేల్చుకోలేదు.

ఇప్పుడు సాధన తేదీలను పన్నుల క్యాలెండరు చూసి పెట్టుకుంటున్నాం. నెలనెలా 11న జీఎస్టీఆర్-1, 20న 3బి అనే జీఎస్టీ రిటర్నుల గడువులు ఉంటాయి కాబట్టి వాటి ముందు రోజుల్లో గిటారు పెట్టెలోంచి బయటికి రాదు. టాక్స్ ఆడిట్ల వల్ల సెప్టెంబరు మొత్తం పోయినట్టే. డ్రమ్మర్ సణిగాడు గానీ ఒప్పుకున్నాడు.

ప్రస్తుతం డీప్ పర్పుల్ అనే బ్రిటిష్ రాక్ బృందం 1972 పాట 'స్మోక్ ఆన్ ద వాటర్' మీద కూర్చున్నాం. అందులో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరసను (రిఫ్) చాలామంది పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతో లాగించేస్తారు. ఆ పాటకు గిటారు వాయించిన రిచీ బ్లాక్‌మోర్ రెండేసి తీగలను వేళ్లతో ఒక్కసారిగా మీటుతాడు. అప్పుడే రెండు స్వరాలూ కలిసి పలుకుతాయి. వేళ్లు కాయలు కాశాయి, అది వేరే సంగతి.

రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ సంగీతం కోసం లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ చదువు వదిలేశాడుగా అన్నవారికి ఒక్క మాట: ఆయనకప్పుడు ఇంటి రుణం ఉండి ఉండదు.

మా మేనేజరుకు విషయం చెప్పేశాను. ఆఫీసు వార్షికోత్సవంలో వాయించమన్నారు, కాకపోతే తెలుగు పాటలే కావాలట. బేరం నడుస్తోంది.