గవర్నర్ అన్నది "చర్చ", ఊరంతా విన్నది "చంపడం": అబార్షన్‌పై నేతల మాట ఎక్కడ వంకర పోతోంది?

నీలిసిరా (చర్చ ప్రారంభం)

2024 సెప్టెంబరు 10న అమెరికా అధ్యక్ష అభ్యర్థుల చర్చలో డొనాల్డ్ ట్రంప్ ఒక ఆరోపణ చేశారు. బిడ్డ పుట్టాక ఏం చేయాలో నిర్ణయిస్తామని వెస్ట్ వర్జీనియా మాజీ గవర్నర్ చెప్పారని, అంటే బిడ్డను చంపేస్తామనే అర్థమని ఆయన మాట. పుట్టిన బిడ్డను చంపడానికి చట్టం ఒప్పుకునే రాష్ట్రం ఈ దేశంలో ఒక్కటీ లేదని, చర్చ నడిపిన లిన్సే డేవిస్ అక్కడికక్కడే చెప్పారు. నిజానికి ఆ గవర్నర్ వెస్ట్ వర్జీనియాకు చెందినవారు కారు. ఆయన వర్జీనియా గవర్నర్‌గా పనిచేసిన రాల్ఫ్ నార్థమ్. ఐదున్నరేళ్లు నోటా నోటా తిరిగిన మాట చివరికి తన రాష్ట్రం పేరు కూడా పోగొట్టుకుంది.

అసలు మాట 2019 జనవరి 30న ఒక రేడియో కార్యక్రమంలో వచ్చింది. నార్థమ్ వృత్తిరీత్యా పిల్లల నరాల వైద్యుడు. ఆఖరి నెలల్లో గర్భవిచ్ఛిత్తి గురించి అడిగితే, తీవ్రమైన అవకరాలు ఉన్నప్పుడు, పిండం బతికే అవకాశం లేనప్పుడు అలాంటివి జరుగుతాయని ముందుగా చెప్పారు. ఆ తర్వాతి మాటల సారాంశం ఇది: బిడ్డ పుడుతుంది, బాధ లేకుండా చూస్తారు, తల్లీ కుటుంబమూ కోరుకుంటే ఊపిరి పోసే ప్రయత్నం చేస్తారు, ఆపైన వైద్యులకూ తల్లికీ మధ్య చర్చ జరుగుతుంది.

ప్రచారంలోకి వెళ్లిన వీడియో ముక్కలో రెండో భాగమే మిగిలింది. వారం తిరగకుండానే, ఫిబ్రవరి 5న, పార్లమెంటు ఉభయసభల ముందు చేసిన వార్షిక ప్రసంగంలో ట్రంప్ దాన్ని "పుట్టిన బిడ్డను చంపేస్తానని చెప్పినట్టే" అన్నారు. ఏప్రిల్‌లో ఒక సభలో దానికి బొమ్మ కట్టారు: బిడ్డను అందంగా దుప్పటిలో చుడతారట, తర్వాత చంపాలా వద్దా అని తల్లీ డాక్టరూ నిర్ణయిస్తారట.

నన్ను కలవరపెట్టేది ఒక్కటే. వీడియోలో ఉన్న ప్రతి మాటా నార్థమ్ అన్నదే, అందులో కల్పించినది ఏమీ లేదు. పోయినదల్లా షరతు. తెలుగులో "బతకని బిడ్డ పుడితే" అంటాం, షరతు క్రియకే అంటుకుని ఉంటుంది. ఆయన షరతును ఒక వాక్యంలో, ఫలితాన్ని మరో వాక్యంలో చెప్పారు. కత్తెర వేయడానికి అంతకంటే అనువైన చోటు దొరకదు. ఒక నాయకుడి వైఖరిని మార్చేయడానికి అబద్ధం అక్కర్లేదని, సగం నిజం సరిపోతుందని నేనంటాను. మీరేమంటారు?

తూనికరాళ్లు

నీలిసిరా గారూ, నేను గర్భవిచ్ఛిత్తిని వ్యతిరేకించేవాణ్ని. దాచుకోవడం నాకు ఇష్టం లేదు కాబట్టి ముందే చెబుతున్నాను.

మీరు కూడా కొంత వదిలేశారు. ఆ రేడియో ప్రశ్న ఎందుకు పుట్టింది? వర్జీనియాలో ఆఖరి త్రైమాసికంలో గర్భవిచ్ఛిత్తికి ముగ్గురు వైద్యులు ధ్రువీకరించాలి. దాన్ని ఒక్క వైద్యుడికి తగ్గించాలని, తల్లి ఆరోగ్యానికి హాని "గణనీయంగా, కోలుకోలేనంతగా" ఉండాలన్న మాటలను తొలగించాలని శాసనసభ్యురాలు క్యాథీ ట్రాన్ బిల్లు తెచ్చారు. ప్రసవం మొదలయ్యే లక్షణాలున్న దశలో కూడా వర్తిస్తుందా అని ఉపసంఘంలో అడిగితే, తన బిల్లు అందుకు వీలిస్తుందని ఆమె చెప్పారు. పొరపాటున అలా అన్నానని తర్వాత వివరణ ఇచ్చుకున్నారు. గవర్నర్‌ను అడిగింది ఈ నేపథ్యంలో.

చర్చ దేని గురించి జరుగుతుందో ఆయన చెప్పలేదు. ప్రాణం గురించి మాట్లాడేటప్పుడు ఆ ఖాళీ వదలడం చిన్న తప్పు కాదు. ఖాళీ వదిలితే అందులో భయం వచ్చి కూర్చుంటుంది. ఆ భయం మాది, నిజమైనది. దాన్ని "వక్రీకరణ" అని కొట్టిపారేస్తే నాకు కష్టం కలుగుతుంది.

రాత్రిడ్యూటీ

తూనికరాళ్లు గారూ, ఆ చర్చ దేని గురించో నేను చెప్పగలను. నవజాత శిశువుల వార్డులో నర్సును.

బిడ్డకు ఊపిరితిత్తులు పెరగలేదని స్కాన్‌లో ముందే తెలుస్తుంది. కాన్పుకు ముందే డాక్టరు తల్లి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటారు. నిలబడి ఎవరూ చెప్పరు. గొంతులో గొట్టం వేసి యంత్రం పెట్టమంటారా, లేక గుండెల మీద పడుకోబెట్టమంటారా అని అడుగుతారు. కొందరు గొట్టం కావాలంటారు, వేస్తాం. కొందరు వద్దంటారు. అప్పుడు బిడ్డకు చిన్న ఊలు టోపీ పెట్టి, వెచ్చటి దుప్పటిలో చుట్టి తల్లి చేతికిస్తాను. బాధ ఉన్నట్టు అనిపిస్తే మందు ఇస్తాం. ఒకసారి ఒక తండ్రి నలభై నిమిషాలు బిడ్డ వేలు పట్టుకునే ఉన్నాడు. గుండె ఆగిందని నేను చెప్పాక కూడా వదల్లేదు. పాదాల ముద్రలు కాగితం మీద తీసి ఇచ్చాను.

అందంగా దుప్పటిలో చుడతారన్న ఆ మాట విన్నప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఆ దుప్పటి చుట్టేది నేను.

నార్థమ్ మీద కూడా నాకు కోపమే. మేము వార్డులో "చర్చ" అంటే అందరికీ అర్థమవుతుంది. రేడియోలో, అదీ గర్భవిచ్ఛిత్తి బిల్లు గురించి అడిగినప్పుడు, వార్డు భాష మాట్లాడారు. బతకలేని బిడ్డకు చేసే సంరక్షణ వేరు, గర్భవిచ్ఛిత్తి వేరు. రెండింటినీ ఒకే ఊపిరిలో కలిపేసింది ఆయనే.

మూడోకిటికీ

పార్టీ మనుషులు తమ నాయకుణ్ని కాపాడుకోబోయి నిజాన్ని వంచడం కూడా ఉంది. బరాక్ ఒబామా ఉదంతం చూడండి.

గర్భవిచ్ఛిత్తి ప్రయత్నంలో సజీవంగా పుట్టిన శిశువుకు చట్టపరమైన రక్షణ కల్పించే బిల్లులు 2001 నుంచి 2003 వరకు ఇలినాయ్ సెనేట్‌కు వచ్చాయి. ఒబామా అప్పుడు అక్కడి సభ్యుడు, వాటిని సమర్థించలేదు. 2008 ఎన్నికల్లో ప్రత్యర్థులు దాన్ని "శిశుహత్యకు మద్దతు" అన్నారు. ఇది అన్యాయం. సజీవంగా పుట్టిన శిశువుకు వైద్యం అందించాలన్న నిబంధన ఇలినాయ్ చట్టంలో అప్పటికే ఉంది. కొత్త బిల్లు గర్భవిచ్ఛిత్తి హక్కునే దెబ్బతీస్తుందని ఆయన అభ్యంతరం.

ఇక్కడితో ఆగితే మీకు సగమే చెప్పినట్టు. 2002లో వచ్చిన కేంద్ర చట్టంలో, పుట్టకముందు దశకు ఉన్న చట్టపరమైన హోదాను ఇది పెంచదు, తగ్గించదు అనే రక్షణ నిబంధన ఉంది. అలాంటిదైతే సమర్థించేవాణ్నని ఒబామా చెబుతూ వచ్చారు. కానీ 2003లో, ఆయనే అధ్యక్షత వహించిన ఇలినాయ్ సెనేట్ కమిటీలో, ఆ నిబంధనను సవరణగా 10-0తో చేర్చారు. ఆ తర్వాత బిల్లు 4-6తో ఓడిపోయింది. వ్యతిరేక ఓట్లలో ఒకటి ఆయనది. 2008 ఆగస్టులో ఈ సంగతి ఎత్తినవారు అబద్ధమాడుతున్నారని ఆయన ఒక ఇంటర్వ్యూలో అన్నారు. తర్వాత ఆయన ప్రచార బృందమే, ఆ నిబంధన 2003 బిల్లులో ఉన్నమాట నిజమేనని ఒప్పుకుని, రాష్ట్ర చట్టం మీద దాని ప్రభావం వేరుగా ఉంటుందని వాదించింది.

ఆ వాదనలో పస ఉందనే నా అభిప్రాయం. గర్భవిచ్ఛిత్తిని నియంత్రించే చట్టాలు ఎక్కువగా రాష్ట్రాలవే కాబట్టి, ఒకే వాక్యం రెండు చోట్లా ఒకే పని చేయదు. అదే మాట మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. అభిమానులు మాత్రం "ఆ బిల్లులో నిబంధనే లేదు" అనే పాత జవాబును చాలాకాలం మోశారు.

ఇంకొకటి. బిల్లుకు "సజీవంగా పుట్టిన శిశువుల రక్షణ" అని పేరు పెట్టాక, దానికి వ్యతిరేకంగా ఓటేసినవాడు లోపలి పదిహేను కారణాలు చెప్పినా ఎవరు వింటారు? జనం ఓటును బిల్లు పేరుతోనే చదువుతారు.

తూనికరాళ్లు

మా వైపు వాళ్ల మాటను వంకర తిప్పిన సంగతి కూడా చెప్పనివ్వండి. 2024 అక్టోబరు 1న ఉపాధ్యక్ష అభ్యర్థుల చర్చలో, ప్రాజెక్ట్ 2025 (రాబోయే ప్రభుత్వం కోసం సంప్రదాయవాద సంస్థలు రాసిన విధాన పత్రం) కింద గర్భాలకు రిజిస్టరు పెడతారని డెమొక్రాటిక్ అభ్యర్థి టిమ్ వాల్జ్ అన్నారు. ఆ పత్రంలో ఉన్నది గర్భవిచ్ఛిత్తుల లెక్కలను రాష్ట్రాలు కేంద్రానికి తప్పనిసరిగా పంపాలన్న ప్రతిపాదన. దాన్ని కూడా వ్యతిరేకించవచ్చు, ఎవరూ కాదనరు. కానీ గర్భం దాల్చిన ప్రతి స్త్రీ పేరూ రాసుకోవడం వేరు. ఆ రోజు నుంచి నన్ను బంధువుల ఇళ్లలోనే "మీరు ఆడవాళ్ల పేర్లు రాసుకుంటారట కదా" అని అడుగుతున్నారు.

నీలిసిరా

తూనికరాళ్లు గారూ, ఆ ప్రశ్న మిమ్మల్ని ఎంత నొప్పించి ఉంటుందో అర్థమవుతోంది. ట్రాన్ జవాబును నేను వదిలేసిన మాట నిజం. షరతు పోయిందని వాపోతూ నేపథ్యాన్ని నేనే కత్తిరించాను.

అయినా ఒకచోట ఆగుతాను. నార్థమ్ వదిలిన ఖాళీలో భయం కూర్చుందన్నారు, ఒప్పుకున్నాను. 2019 జనవరిలో అది భయమే. ఆయన కార్యాలయం వివరణ ఇచ్చాక, బిడ్డ బతికే సూచన స్పష్టంగా ఉంటే ప్రాణాధార చికిత్స అందించాలన్న పాత నిబంధనను ట్రాన్ బిల్లు ముట్టుకోలేదని తెలిశాక, అదే మాటను 2024లో కోట్లమంది ముందు మళ్లీ చెప్పడాన్ని భయం అనగలమా?

తూనికరాళ్లు

అనలేం.

నిన్న ఇదే వేదికలో మరో చర్చలో "పుట్టిన బిడ్డను చంపుతానన్న గవర్నర్" అని రాశాను. ఇప్పుడే వెళ్లి ఆ వాక్యం తీసేసి, ఎందుకు తీశానో కింద రాశాను. రాత్రిడ్యూటీ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

ముగ్గురు వైద్యులను ఒక్కరికి తగ్గించడాన్ని మాత్రం ఇప్పటికీ వ్యతిరేకిస్తున్నాను. అంత పెద్ద నిర్ణయం ఒక్క సంతకం మీద ఎందుకు ఆధారపడాలి? దాని గురించి మాట్లాడదామా?

రాత్రిడ్యూటీ

మాట్లాడదాం. దగ్గర్లో ముగ్గురు వైద్యులు ఉండని ఆసుపత్రి నుంచి మొదలుపెడతాను. డ్యూటీ దిగాక రాస్తాను.