ఎరువుల దుకాణంలో ఉద్దర ఆపడం సాధ్యమేనా?

ప్రశ్న అడిగినవారు: రెండోతరం దుకాణదారు

అందరికీ నమస్కారం. మాది జమ్మికుంట వైపు ఒక చిన్న మండల కేంద్రం. బస్టాండు, దాని ఎదురుగా రెండు హోటళ్లు, మూడు ఎరువుల దుకాణాలు, ఊరి చివర ఒక జిన్నింగు మిల్లు, వారానికి ఒక సంత. ఊరంటే ఇంతే. ఆ మూడు దుకాణాల్లో ఒకటి మా నాన్నగారిది. ఎరువులు, విత్తనాలు, పురుగు మందులు అమ్ముతాం. గత ఏడాది నుంచి లెక్కలు నేను చూస్తున్నాను, చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. చిట్టాలో ఉన్న ఉద్దర 11 లక్షలు దాటింది, అందులో మూడు లక్షలకు పైగా రెండేళ్ల కిందటి బాకీలు.

మృగశిర కార్తె రాకముందే రైతు వచ్చి పత్తి గింజల ప్యాకెట్లు తీసుకెళ్తాడు, ఆ తర్వాత డీఏపీ, యూరియా, పైపాటు మందులు ఒక్కొక్కటిగా తీసుకెళ్తాడు. డబ్బు మాత్రం దసరా దాటి, మొదటి ఏరుడు పత్తి అమ్మిన తర్వాతే ఇస్తాడు. డీఏపీ బస్తా 1,350 రూపాయలు, యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. ఈ ధర మీద పైసా ఎక్కువ తీసుకునే వీలు లేదు, తీసుకోకూడదు కూడా. ఆ బస్తాలకు మేము మాత్రం ముందే డబ్బు కట్టాలి. అంటే అయిదు నెలల పాటు రైతు పెట్టుబడి మా ఇంట్లోంచి పోతోంది, దాని మీద మిగిలేది హమాలీ ఖర్చుకు సరిపోతే గొప్ప.

నిన్న ఒక పెద్దావిడ రెండు బస్తాల యూరియా కోసం వచ్చింది. కలుపు తీసీ, పత్తి ఏరీ ఆమె వేళ్లు అరిగిపోయాయి, ఎరువుల అమ్మకాన్ని నమోదు చేసే ఈపాస్ యంత్రానికి వేలిముద్ర పడలేదు. వేలిని కొంగుకు తుడిచి, నోటి ఆవిరి పట్టి, నాలుగోసారి పెడితే పడింది. యంత్రం దృష్టిలో ఆమెతో మా వ్యవహారం అక్కడితో ముగిసింది, చిట్టాలో అప్పుడే మొదలైంది. నాన్నగారు ఆమె పేరు కూడా రాయలేదు. "మోటబావి కాడి అవ్వ, యూరియా 2" అని రాసి ఊరుకున్నారు. చిట్టా నిండా ఇలాంటి రాతలే ఉన్నాయి. రేపు ఆయన లేకపోతే ఆ అవ్వ ఎవరో నాకు ఎలా తెలుస్తుంది?

ఇంకొక చిక్కు కూడా వచ్చింది. ఇంతకుముందు రైతులు ఎక్కువగా అడ్తిదారు ద్వారా పత్తి అమ్మేవారు. తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, రాసే చోటనే మా మనిషి నిలబడితే బాకీ వసూలయ్యేది. ఇప్పుడు సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో అమ్మిన పత్తి డబ్బు నేరుగా రైతు బ్యాంకు ఖాతాలో పడుతోంది. రైతుకు అది మంచిదే, నేను కాదనను. కానీ డబ్బు ఎప్పుడు పడిందో మాకు తెలిసేలోపే అది ఇంకెక్కడికో వెళ్లిపోతోంది.

వచ్చే వానాకాలం నుంచి పూర్తిగా నగదుకే అమ్మాలని నా ఆలోచన. నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఉద్దర ఆపి దుకాణం నిలబెట్టుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు. పాత బాకీలకు చట్టపరంగా ఏమైనా దారి ఉందా?

సమాధానం: దుగ్గిరాల కౌలు రైతు

మీరు ఉద్దర అంటున్నది మా వైపు అరువు. నేను దుకాణం ఇవతలివాణ్ని, అంటే బల్లకు ఈ పక్క నిలబడి అడిగేవాణ్ని. కాబట్టి నా మాట మీకు పూర్తిగా రుచించకపోవచ్చు.

నేను మూడెకరాలు కౌలుకు చేసి పసుపు వేస్తాను. పసుపు భూమిలో దాదాపు తొమ్మిది నెలలు ఉంటుంది. ఆ తర్వాత తవ్వించాలి, ఉడికించాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టించాలి, అప్పుడుగానీ అది యార్డుకు రాదు. యార్డుకు వచ్చాక ధర బాగా లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూడాలి. విత్తనం పెట్టిన రోజుకూ చేతికి డబ్బు వచ్చిన రోజుకూ మధ్య ఏడాది గడిచిపోతుంది. అలాంటి పంట వేసేవాడిని నగదు తెమ్మంటే, వాడు మీ దుకాణం మానేసి పక్క దుకాణానికి వెళ్తాడు, లేదా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మీకు నగదు ఇస్తాడు. రెండో సందర్భంలో మీ బాకీ తీరుతుంది, వాడి పని తీరిపోతుంది.

బ్యాంకుకు వెళ్లవచ్చు కదా అంటారు. కౌలు రైతుకు పంట సాగుదారు హక్కు పత్రం ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చట్టం వచ్చింది. ఆ పత్రం 11 నెలలు చెల్లుతుంది. అయితే దాని మీద భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని మా యజమాని భయం. ఆయన చెడ్డవాడు కాదు, నాలుగేళ్లుగా కౌలు కూడా పెంచలేదు, సంతకం మాట ఎత్తితే మాత్రం కాఫీ తెప్పించి మాట మారుస్తాడు.

కాబట్టి అరువు ఆపమని నేను చెప్పను, అరువును శుభ్రంగా ఇవ్వమంటాను. మాకు అరువులో వచ్చే నష్టం వడ్డీ కాదు. అరువు అడిగినవాడికి అడగని డబ్బాలు అంటగడతారు. నేను అంతకుముందు వెళ్లే దుకాణంలో రెండు బస్తాల డీఏపీ అరువు అడిగితే, దాంతోపాటు ఏదో వేరు పెరిగే టానిక్ అని రెండు సీసాలు చేతిలో పెట్టేవారు, అది వద్దంటే బస్తాలు కూడా లేవనేవారు. పంట వచ్చాక వాళ్ల బంధువైన వ్యాపారికే అమ్మాలి, ఆయన బస్తాకు కిలో తరుగు తీసేవాడు. టానిక్ సీసాలు ఇప్పటికీ మా పశువుల పాకలో చూరులో ఉన్నాయి. మీ నాన్నగారు ఇలాంటివి చేయరని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. ఆ పెద్దావిడ ఎవరో ఆయనకు తెలుసు, అందుకే పేరు రాయలేదు.

సమాధానం: పత్తికొండ కిరాణా

మాది కిరాణా, మీది ఎరువులు. అయినా చిట్టా బాధ ఒకటే కనుక రాస్తున్నాను. నాకు అర్థమైనంతలో బాకీ గడువును దుకాణదారు నిర్ణయించలేడు, పంట నిర్ణయిస్తుంది. మా పత్తికొండలో టమాటా మార్కెట్ ఉంది. టమాటా మొక్క కాపుకు వచ్చాక మూడు నాలుగు రోజులకు ఒకసారి కోస్తారు, కోసిన రోజే మార్కెట్‌కు తెస్తారు, తెచ్చిన రోజే ఎంతో కొంత డబ్బు చేతికి వస్తుంది. కాబట్టి మేము బాకీని కోతకోతకూ తెంపుతాం. మార్కెట్ నుంచి తిరిగివస్తూ రైతు మా దుకాణం ముందు బండి ఆపుతాడు, ఖాళీ గంపలు బండిలోనే ఉంటాయి, మూడు వందలో అయిదు వందలో ఇచ్చి, మళ్లీ ఇంటికి కావలసిన నూనె, పప్పు రాయించుకుని వెళ్తాడు. ఖాతా ఎప్పుడూ సున్నా కాదు, అలాగని కొండలా పెరగదు కూడా.

పాడి ఉన్న ఇళ్లతో ఇంకా సులువు. పాల కేంద్రం వాళ్లు పదిహేను రోజులకు ఒకసారి బిల్లు ఇస్తారు, ఆ సాయంత్రం మా దుకాణం కిటకిటలాడుతుంది. ఒక విషయం గమనించాను: పాల డబ్బు ఇంటి ఆడవాళ్ల చేతిలో ఉంటుంది, ఖాతా వాళ్ల పేరున ఉన్న ఇళ్లలో నాకు మొండి బాకీ దాదాపు లేదు. ఇది మగవాళ్లకు కోపం తెప్పించే మాటే అయినా నా చిట్టా చెప్పే మాట ఇది.

టమాటా ధర పడిపోయిన వారాలు కూడా ఉంటాయి, కోత కూలీ కూడా రాదని గంపలు రోడ్డు మీద పారబోసిన రోజులు మా ఊరు చూసింది. ఆ వారాల్లో నేను ఎవరినీ అడగను. అడిగినా రాదు, పైగా మనిషి దుకాణం ముందు నుంచి రావడం మానేసి వెనక సందులోంచి వెళ్తాడు. వెనక సందు పట్టినవాడి బాకీ ఇక రానట్టే.

మీ పత్తికి ఇన్ని కోతలు ఉండవు, నిజమే. కానీ మొదటి ఏరుడు, రెండో ఏరుడు, మూడో ఏరుడు అని ఉన్నాయి కదా. మొత్తం బాకీ ఒకేసారి అడిగే బదులు, ఏరుడు ఏరుడుకూ ఇంత అని గింజలు ఇచ్చే రోజే మాట తీసుకోండి. మా నాన్న ఒక పద్ధతి పెట్టారు, నేను ఇప్పటికీ దాన్నే పాటిస్తున్నాను: పాత పేజీ తెగనిదే కొత్త పేజీ తెరవకూడదు. పూర్తిగా తెగకపోయినా సగమైనా కట్టాలి. ఇంకొకటి, అరువుకు ధర పెంచే బదులు నగదుకు తగ్గించండి. యూరియా మీద తగ్గించడానికి మీకేమీ మిగలదని తెలుసు, పురుగు మందుల మీద తగ్గించవచ్చు. నగదు ఇచ్చేవాడికి నలభై రూపాయలు తగ్గిందన్న కబురు సంతలో ఒక వారంలో పాకుతుంది.

సమాధానం: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

పాత బాకీల గురించి అడిగారు. చట్టం సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దుకాణదారులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం అమ్మిన సరుకు తాలూకు బాకీకి దావా వేయడానికి మూడేళ్లు గడువు. ఫలానా రోజుకు ఇస్తానని ఒప్పందం లేకపోతే ఆ మూడేళ్లు సరుకు ఇచ్చిన రోజు నుంచే లెక్కలోకి వస్తాయి. మీ రెండేళ్ల కిందటి మూడు లక్షలకు ఇంకా కొంత సమయం ఉంది. ఆ గడువు దాటకముందే రైతు "ఇంత బాకీ ఉన్నాను" అని రాసి సంతకం పెడితే, ఆ సంతకం చేసిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. గడువు దాటిన తర్వాత పెట్టే సంతకానికి ఈ బలం ఉండదు. కొంత సొమ్ము కట్టినప్పుడు, కట్టినట్టు ఆయన చేత్తో రాసినా, రాసినదాని కింద ఆయన సంతకం పెట్టినా అదే ఫలితం. మీ నాన్నగారు తానే "500 జమ" అని రాసుకుంటే ఆ ఫలితం రాదు. పైగా దుకాణదారు తన పుస్తకంలో తాను రాసుకున్న రాత ఒక్కటే బాకీని రుజువు చేయడానికి చాలదన్నది సాక్ష్య చట్టంలో పాతకాలం నుంచీ ఉన్న నియమం. "మోటబావి కాడి అవ్వ" కోర్టు మెట్లెక్కితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అయితే యూరియా బస్తాల కోసం ఎవరూ కోర్టుకు వెళ్లరు, వెళ్లకూడదు కూడా, వకీలు ఫీజుకే బాకీ సరిపోతుంది. సంతకం విలువ కోర్టులో కంటే మనసులో ఎక్కువ. సంతకం పెట్టినవాడు మరిచిపోడు.

మీరు కొత్తగా ఏదో కనిపెట్టనక్కరలేదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం ఎరువు కొన్న ప్రతివారికీ డీలరు నగదు రసీదో అరువు రసీదో ఇవ్వాలి. అంటే అరువుకు అమ్మడాన్ని ఆ ఉత్తర్వే గుర్తించింది. ఆ అరువు రసీదు రాయండి, మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద రైతు సంతకమో వేలిముద్రో తీసుకోండి, ఫలానా నెలలోగా చెల్లించాలని కూడా అందులో రాయండి. మీ చిట్టా పని చాలామటుకు అక్కడే అయిపోతుంది.

ఇక సొంత భూమి ఉండి కూడా మీ దగ్గర అరువు తీసుకునేవారు ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోయి 4 శాతమే పడుతుంది. అదే బయట నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు తాకట్టు లేకుండానే ఇస్తున్నారు. ఇలాంటివారిని కార్డు వైపు మళ్లించగలిగితే మీ అరువు చాలావరకు నగదుగా మారుతుంది. దుగ్గిరాల మిత్రుడి మాట నిజం, కౌలు రైతుకు ఈ దారి ఇరుకే. నలుగురు నుంచి పదిమంది కౌలు రైతులు ఉమ్మడి బాధ్యత బృందంగా ఏర్పడితే రుణం ఇచ్చే పద్ధతి ఉంది. నా ఉద్యోగకాలంలో అలాంటి బృందాలకు ఇచ్చిన రుణాలు బాగానే తిరిగి వచ్చాయి. కానీ బృందం కట్టించే ఓపిక ఉన్న మేనేజరు ఆ శాఖలో ఉండాలి.

తిరిగి ప్రశ్న అడిగినవారు: రెండోతరం దుకాణదారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు నాన్నగారికి చదివి వినిపించాను. టానిక్ సీసాల మాట దగ్గర నవ్వారు, వెనక సందు మాట దగ్గర నవ్వలేదు.

తర్వాత ఇద్దరం చిట్టా ముందు వేసుకుని కూర్చున్నాం. మొత్తం 138 ఖాతాలు. ఒక్కొక్క రాతకూ మనిషి ఎవరో, ఏ ఊరో, ఎన్ని ఎకరాలో, భూమి సొంతమో కౌలో ఆయన చెప్తూ ఉంటే నేను కొత్త పుస్తకంలో రాశాను. రాత్రి పదకొండు దాటింది. లెక్క తేలాక చూస్తే, పాత మూడు లక్షల్లో రెండు లక్షలకు పైగా పదకొండు మంది దగ్గరే ఉంది, ఆ పదకొండు మందిలో తొమ్మిది మందికి సొంత భూమి ఉంది. ఇద్దరికి ట్రాక్టర్లు కూడా ఉన్నాయి. కౌలు చేసేవారి బాకీలు చిన్నవి, ఎక్కువభాగం ఏటా తెగినవే. ఇన్నాళ్లూ పేదవాళ్లకు ఇచ్చే ఉద్దర వల్ల మునుగుతున్నామని నేను అనుకుంటూ వచ్చాను. నా అంచనా తప్పు.

అందుకని పూర్తిగా ఆపడం మానుకున్నాను. ఈ తొమ్మిది మంది దగ్గరికి గడువు దాటకముందే వెళ్లి సంతకాలు తీసుకుంటాం, అది నేను చేస్తాను, నాన్నగారికి మొహమాటం. కొత్త ఉద్దరకు అరువు రసీదు, ఏరుడు ఏరుడుకూ ఇంత అన్న మాట, రెండూ ఉంటాయి. "నేడు నగదు, రేపు అరువు" అని బోర్డు ఒకటి రాయించి తెచ్చాను, నాన్నగారు గోడకు కొట్టనివ్వలేదు. అది ఇప్పుడు గోదాములో యూరియా బస్తాల కింద తేమ తగలకుండా పరిచిన చెక్కల పక్కన ఉంది.

మోటబావి కాడి అవ్వ మొన్న వచ్చి యూరియా డబ్బు ఇచ్చి వెళ్లింది. పత్తి ఏరిన కూలి డబ్బు అట. 533 రూపాయలకు 540 ఇచ్చి, మిగిలిన ఏడు రూపాయలకు మనవడికి బిస్కెట్ పొట్లం అడిగింది. మన దగ్గర బిస్కెట్లు ఉండవని చెప్పి పక్క దుకాణం నుంచి తెప్పించి ఇచ్చాను.