మిర్చి సీజన్‌లో ఇంటర్వ్యూ, సెలవు ఎలా అడగాలి?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. విజయవాడ ఆటోనగర్‌లో అకౌంటెంట్ ఉద్యోగానికి బుధవారం ఉదయం 11 గంటలకు ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఇది మార్చి, టిక్కీలు (మిర్చి బస్తాలు) గుట్టలుగా దిగుతున్నాయి. కాటా (తూకం) అయ్యాక పట్టీ, అంటే అమ్మకం లెక్కల చీటీ రాసి రైతుకు లెక్క చెప్పేది నేనే. నేను లేకపోతే ఎక్కడో ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన రైతు డబ్బు కోసం రాత్రిదాకా కూర్చోవాలి. అది నాకు మనసొప్పదు. అలాగని షావుకారుగారికి జ్వరమని అబద్ధమూ చెప్పలేను. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: శని, ఆదివారాలు యార్డుకు సెలవే కదా అన్నా! శనివారం పెట్టమని అడగండి. ఆటోనగర్‌లో ఆ రోజు చాలా ఆఫీసులు తెరిచే ఉంటాయి. మా ఆఫీసులో ఇంటర్వ్యూలకు పిలిచేది నేనే. చెప్పకుండా మానేసేవాళ్లతోనే మాకు ఇబ్బంది, ముందుగా ఫోన్ చేసేవాళ్లతో కాదు. రైతుల పని వదిలి రాలేనని ఉన్నదున్నట్టు చెప్పండి. అకౌంటెంట్‌కి అంతకన్నా మంచి సిఫారసు ఏముంటుంది?

జవాబు: తమ్ముడూ, శనివారం కుదరదంటే సాయంత్రం వీడియో కాల్ అడుగు. కొట్లోంచి మాత్రం మాట్లాడకు. బుధవారమే రావాలంటే "సొంత పని ఉంది, ఒక పూట సెలవు కావాలి" అను. అది అబద్ధం కాదు. ముందురోజే పట్టీ పుస్తకం ఇంకొకరికి అప్పజెప్పు. దూరం 35 కిలోమీటర్లే అయినా వారధి దగ్గర ట్రాఫిక్ ఉంటుంది, తొమ్మిదికల్లా బస్సెక్కు.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే ఫోన్ చేశాను, శనివారం పదిన్నరకి రమ్మన్నారు! జీఎస్టీ రిటర్నుల గురించి ఏం అడుగుతారో ఎవరైనా చెప్పగలరా?