బిగ్ బాస్ విజేతే మా అబ్బాయికి హీరో... ఎలా చెప్పాలి?

ఏడో తరగతి చదివే మా అబ్బాయిని స్కూల్లో 'నా హీరో' అని వ్యాసం రాయమంటే, బిగ్ బాస్ విజేత గురించి రెండు పేజీలు నింపేశాడు. ఏ వారం ఎవరు ఎవర్ని నామినేట్ చేశారో కూడా వాడికి గుర్తే. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ గురించి, 2020లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు గురించి చెప్పాను. "వాళ్లు రోజూ టీవీలో కనపడరుగా" అన్నాడు. ఆ మాటే నన్ను తొలిచేస్తోంది.

షోలో నెగ్గినవాళ్ల కష్టాన్ని తీసిపారేయను. వారాల తరబడి ఇంటికి దూరంగా, కెమెరాల మధ్య ఉండటం మాటలు కాదు. కానీ మెచ్చుకోవడం వేరు, ఆదర్శంగా పెట్టుకోవడం వేరు కదండీ. వాడి ఇష్టాన్ని చిన్నబుచ్చకుండా ఈ తేడా ఎలా చెప్పాలి? ఈ వయసు పిల్లలున్నవాళ్లు, టీచర్లు దయచేసి చెప్పండి. పూర్ణ లాంటివాళ్ల గురించి పిల్లలు ఇష్టంగా చదివే తెలుగు పుస్తకాలుంటే పేర్లు కూడా ఇవ్వండి.