క్లబ్బు పందేలకు మొదటి బగ్గీ: ఏది తీసుకోవాలి?

బోల్టులడబ్బా:

ఏడాదిగా ఒక రెడీ టు రన్ (కట్టి సిద్ధంగా వచ్చే) రిమోట్ కంట్రోల్ ట్రక్కును ఖాళీ స్థలాల్లో ఎగరేస్తూ, విరగ్గొడుతూ, బాగుచేసుకుంటూ గడిపాను. ఇప్పుడు క్లబ్బు పందేల్లో దిగాలని మనసు లాగుతోంది. రెండు ఆదివారాలు వెళ్లి కంచె పక్కన నిలబడి చూశాను. మట్టి ట్రాక్. ఉదయం తడిపినప్పుడు నల్లగా, పట్టుగా ఉంటుంది. మధ్యాహ్నానికి పైన పిండిలాంటి దుమ్ము చేరుతుంది. పదో వంతు స్కేలులో (అసలు కారులో పదో వంతు సైజు) రెండు తరగతులే నడుపుతున్నారు: టూ వీల్ డ్రైవ్‌కు 17.5 మోటారు, ఫోర్ వీల్ డ్రైవ్‌కు మోడిఫైడ్, అంటే చుట్ల పరిమితి లేని వేగమైన మోటారు.

మనమే కట్టుకోవాల్సిన నాలుగు బగ్గీ కిట్లకు పట్టిక గీసుకుని కూర్చున్నాను. ఒకదానికి కార్బన్ షాక్ టవర్లు, ఇంకొకదానికి గేర్ డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం), మూడోదాని చాసీ సన్నం. రాత్రికి ఒకటి నచ్చుతుంది, తెల్లారితే ఇంకొకటి. టూ వీల్ అయితే మలుపులో గిర్రున తిరిగిపోతుందని భయం కూడా ఉంది. ఈలోగా తెలిసినాయన ఒకరు తన ఎనిమిదో వంతు నైట్రో (ఇంధనంతో నడిచే) బగ్గీని చవకగా ఇస్తానంటున్నారు. నా దగ్గర పొడవాటి టూ సెల్ లైపో బ్యాటరీలు రెండున్నాయి, అవి పనికొస్తే మేలు. ఏం చేయమంటారు?

పాతపినియన్:

ముందు ఆ పట్టిక పక్కన పెట్టండి. వచ్చే ఆదివారం కంచె దగ్గర కాదు, కార్లు బాగుచేసుకునే పిట్ బల్లల మధ్య తిరగండి. ఏ కారు ఎన్ని బల్లల మీద ఉందో లెక్కపెట్టండి. ఎక్కువగా కనిపించేదే మీ కారు.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. అందరూ నడిపేదే నేనూ నడపడమేమిటన్న పొగరుతో, ఆ క్లబ్బులో ఎవరి దగ్గరా లేని కిట్ తెచ్చాను. మూడు రాత్రులు కూర్చుని కట్టాను, కుదుపులు ఆపే షాకుల్లో గాలి బుడగ లేకుండా నూనె నింపాను. రెండో హీటులో (పందెం విడతలో) జంప్ దిగుతూ ట్రాక్ అంచు పైపుకు తగిలింది. కుడి ముందు చక్రాన్ని ఆర్ముకు కలిపే కాస్టర్ బ్లాక్ రెండు ముక్కలైంది. బొటనవేలి గోరంత ప్లాస్టిక్ ముక్క అది! పక్క బల్ల ఆయన తన డబ్బా తెరిచి నా ముందుకు జరిపాడు. కాస్టర్ బ్లాకులు, చక్రాలను మోసే ముందు ఆర్ములు, ఆ ఆర్ములు కదలడానికి ఆధారమైన హింజ్ పిన్నులు, అన్నీ అరల్లో సర్ది ఉన్నాయి. ఒక్కటీ నా కారుకు పట్టలేదు. మిగతా రోజంతా ఇతరుల కార్లు బోల్తా పడితే లేపుతూ గడిపాను. ఆ ముక్క ఇంటికి చేరడానికి మూడు వారాలు పట్టింది.

నైట్రో సంగతి: అది మంచి బగ్గీయే కావచ్చు. కానీ మీ ట్రాక్‌లో ఆ తరగతే లేనప్పుడు ఎవరితో పందెం వేస్తారు?

టూ వీల్ గిర్రున తిరిగేది ఎక్కువసార్లు ట్రిగ్గర్ నొక్కే వేలి వల్లే. 17.5 అంటే తీగ పదిహేడున్నర చుట్లు చుట్టిన మోటారు. చుట్లు ఎక్కువైతే వేగం తక్కువ. పైగా ఈ తరగతిలో సాధారణంగా స్పీడ్ కంట్రోలర్‌లో మోటారు వేగం పెంచే టైమింగ్‌ను సున్నాకు పెట్టాలి, అలా పెట్టినట్టు దాని దీపం మిణుకుమంటూ చూపిస్తుంది. కొత్తవారి చేతికి అది చాలు. పంచ్ (బయలుదేరేటప్పటి ఊపు) తగ్గించి, మలుపు సగం దాటాకే ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి.

ఒక్క విషయం మాత్రం చూసుకోండి. 1984లో వచ్చిన ఆర్‌సీ10 అనే బగ్గీ కాలంలో మోటారు వెనక ఇరుసుకు వెనకాల వేలాడేది. జారే మట్టిలో ఆ బరువే వెనక టైర్లను నేలకు అదిమేది. ట్రాకుల పట్టు పెరిగాక మోటారు ఇరుసు ముందుకు వచ్చింది. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువ ఇవే. మీ మధ్యాహ్నం దుమ్ముకు, బ్యాటరీని వెనక్కి జరుపుకునే వీలున్న కిట్ అయితే నయం. అన్నట్టు, మీ పొడవాటి బ్యాటరీలు వీటిలో చాలావాటిలో పట్టవు. షార్టీ అనే పొట్టి బ్యాటరీ కొనుక్కోవాల్సి రావచ్చు.

మిగిలిన డబ్బు టైర్లకు. కారు మార్చినా రాని తేడా టైరు మారిస్తే వస్తుంది.

నాలుగుచక్రాలు:

పినియన్ గారూ, సగం ఒప్పుకుంటాను. ఫోర్ వీల్‌లో ముందు చక్రాలు కూడా లాగుతాయి, కాబట్టి మలుపులో చేసిన తప్పును కారే సర్దుకుంటుంది. టూ వీల్‌లో మూడు నెలలు తిరుగుతూ తిరుగుతూ విసిగి మానేసినవాళ్లను చూశాను. పందెం సరదాగా ఉంటేనే కదా మళ్లీ వస్తారు!

పాతపినియన్:

నిజమే. 13.5 మోటారుతో ఫోర్ వీల్ నడిపే క్లబ్బు అయితే నేనూ అదే చెప్పేవాణ్ని. ఇక్కడున్నది మోడిఫైడ్. ట్రాక్ నేరుగా ఉన్నచోట రెప్పపాటులో మాయమయ్యే కార్ల మధ్య కొత్తాయనను దింపితే ఆయనకూ కష్టం, వెనక వచ్చేవాళ్లకూ కష్టం. ఇక రెండు డిఫరెన్షియల్లు, మధ్య షాఫ్టు విప్పి మట్టి తుడిచి మళ్లీ బిగించే సాయంత్రాల సంగతి మీకే బాగా తెలుసు.

మూడోమలుపు:

క్లబ్బులో ఎవరైనా పాతది అమ్ముతుంటే అదే చూడండి, విడిభాగాల డబ్బాతో సహా ఇస్తారు. కొనేముందు షాకులు విప్పమనండి. ఆర్మును పైకెత్తి వదిలితే తన బరువుతోనే కిందికి పడాలి. మధ్యలో ఆగితే హింజ్ పిన్ వంగి ఉండొచ్చు. తర్వాత కారును ఎత్తి పట్టుకుని ఒక వెనక చక్రం నెమ్మదిగా తిప్పండి. రెండోది ఎదురు దిశలో నునుపుగా తిరగాలి. వేళ్లకు ఇసుక నలిగినట్టు అనిపిస్తే బాల్ డిఫరెన్షియల్ (గేర్ల బదులు చిన్న బాల్స్ ఉండేది) అరిగిపోయింది. అది మార్చుకోవచ్చు, కాకపోతే ధర తగ్గించమని అడగండి.

బోల్టులడబ్బా:

అందరికీ ధన్యవాదాలు. వెళ్లి లెక్కపెట్టాను. టూ వీల్‌లో పదకొండు కార్లు, అందులో ఏడు ఒకే రకం. నా పట్టికలో అది నాలుగో స్థానంలో ఉండేది! ఆ ఏడుగురిలో ఒకాయన కొత్తది కడుతున్నారట, పాతది ఆర్ములు, రెండు జతల వెనక టైర్లతో ఇచ్చారు. మూడోమలుపు గారు చెప్పినట్టే చక్రం తిప్పి చూస్తే ఇసుక తగిలింది. నేను నోరు తెరిచేలోపే ఆయన డబ్బాలోంచి కొత్త బాల్స్ పొట్లం తీసి పైన పెట్టారు.

నిన్న మొదటి పందెం. మూడు హీట్లు, చివరి నుంచి రెండో స్థానం, విరిగింది ఒక్క ముందు ఆర్ము. పక్క బల్ల మీది ఆర్ముతో అయిదు నిమిషాల్లో మళ్లీ నిలబడ్డాను. నా హీటు అయ్యాక బోల్తా పడ్డ కార్లను లేపే మార్షల్‌గా నిలబడాలని తెలియక నేరుగా బల్ల దగ్గరికి వెళ్లిపోతే మైకులో నా కారు నంబరు పిలిచారు. సిగ్గుపడుతూ పరుగెత్తాను.

ఒక సందేహం మిగిలింది. మూడో హీటుకు ఎడమ వెనక టైరు రిమ్ము నుంచి ఊడి, లోపలి ఫోమ్ బయటికి తొంగిచూసింది. పాత జిగురు గీకేసి మళ్లీ అతికించవచ్చా?

పాతపినియన్:

అతికించవచ్చు. గీకాక రిమ్ము గాడిని, టైరు అంచును ఆల్కహాల్‌తో తుడవండి, దుమ్ము ఉంటే జిగురు పట్టదు. పలుచని సూపర్ గ్లూ చుక్కలుగా వేసి, చుట్టూ రబ్బరు బ్యాండు వేసి రాత్రంతా వదిలేయండి. రెండో వైపు అంచును కూడా వేలితో లాగి చూడండి, ఒక వైపు ఊడిందంటే అటువైపూ వదులై ఉంటుంది.